స్వభావమునకు చోటు చూపుటయే సేవ

శ్రీ లక్ష్మీనృసింహ పరబ్రహ్మణే నమః



ఈ ధర్మపురి క్షేత్రమునకు వచ్చిన భక్తులు మొదట గోదావరిలో మునిగి, పిదప యోగానంద లక్ష్మీనృసింహస్వామిని సేవించి, అదే ప్రాంగణమున కొలువైన యమధర్మరాజునకును మ్రొక్కి ఇండ్లకు మరలుదురు. త్ర్యంబకము కడ పుట్టి తూర్పు సముద్రమున కలియు ఈ నది ఇచట దక్షిణముగా మళ్లి పారుచున్నది. తూర్పునకు పోవలసిన నది దారి తప్పినదని ఎవరైన అనుచున్నారా? అనరు. దక్షిణవాహిని అని పేరు పెట్టి, ఇచటి స్నానము విశేష ఫలప్రదమని చెప్పుకొందురు. నది నడక వేరైనచో విశేషమందుము. పిల్లవాని నడక వేరైనచో దోషమందుము. ఇదెట్టి న్యాయమో కొంచెము విచారింపుడని కోరుచు, ఆటిజం గల బిడ్డలను గూర్చియు, పెద్దలను గూర్చియు నేడు మేము మీకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ఆటిజం అను మాట ఇప్పుడు మన పల్లెలలోను వినవచ్చుచున్నది. అది అంటురోగము కాదు, పిచ్చి కాదు, గాలి సోకుట కాదు. పుట్టుకనుండియే మెదడు ఎదుగు తీరులోనున్న భేదము. ఇట్టివారికి ఎదుటివారి కనుసైగలు, మాటల వెనుకనున్న భావము సులభముగా అందవు. చేసిన పనినే మరల మరల చేయుట, ప్రతిదినము ఒకే క్రమము నుండవలెనని పట్టుపట్టుట, ఒక్క విషయముపై గాఢమైన ఆసక్తి కలిగియుండుట కనబడును. శబ్దము, వెలుగు, వాసన, స్పర్శ కొందరికి మిక్కిలి తీవ్రముగా తోచును. కొందరు చక్కగా చదివి ఉద్యోగములు చేయుదురు. కొందరికి మాటయే రాదు, జీవితాంతము తోడు కావలసియుండును. కొందరికి బుద్ధిమాంద్యము కూడ ఉండును, పలువురికి ఉండదు. 2021 సంవత్సరమునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా ప్రకారము లోకమున సుమారు 127 మందిలో ఒకరు ఆటిజం గలవారు. అనగా మన బ్రహ్మోత్సవములకు వచ్చు ప్రతి పెద్ద గుంపులోను వారున్నారు.

కాని గుడిలో వారు మనకు కనబడరు. ఏల? ఇట్టి బిడ్డ గల తల్లి ఒకటి రెండు మారులు వచ్చును. గంట మ్రోగగనే పిల్లవాడు చెవులు మూసికొని కేకలు వేయును. చుట్టునున్నవారు తిరిగి చూతురు. "పిల్లవానికి భయభక్తులు నేర్పలేదా" అని ఒకరు, "ఏ జన్మలో ఏమి చేసినారో" అని మరియొకరు అందురు. ఆ తల్లి మూడవమారు రాదు. పండుగకు రాదు, పెండ్లికి పోదు. బిడ్డతోపాటు తానును నాలుగు గోడల నడుమ ఉండిపోవును. ఆర్తత్రాణపరాయణుడని మనము కీర్తించు స్వామి వాకిటి నుండి ఒక ఆర్తురాలిని మన నాలుకయే వెడలగొట్టినది. దీనికంటె మించిన అపచారము కలదా?

పూర్వజన్మ పాపమను మాటను మొదట విచారింతము. కర్మ సిద్ధాంతమును పెద్దలు మనకిచ్చినది మన నడవడిని మనము దిద్దుకొనుటకు. పొరుగింటి బిడ్డ మెడలో వ్రేలాడదీయుటకు కాదు. ఒకని ప్రారబ్ధమును చదువగల కన్ను మనలో ఎవరికిని లేదు. మన కర్మము మాత్రము మనకు తెలియును: ఆ బిడ్డ ఎదురైనపుడు మనము ఏమి చేసితిమన్నదే అది.

శ్రీమద్భాగవతము పంచమ స్కంధమున జడభరతుని కథ కలదు. ఆయన మాటలాడడు, లోకరీతి నెరుగడు. అన్నలు ఆయనను మందుడని ఎంచి పొలమునకు కావలి పెట్టిరి. ఒకనాడు సింధుసౌవీర దేశపు రాజైన రహూగణుడు పల్లకిలో పోవుచు, బోయీలలో ఒకడు తక్కువ కాగా ఆయనను పట్టి పల్లకి మోయించెను. పల్లకి కుదుపులకు లోనయ్యెను. రాజు ఎకసక్కెమాడెను, గద్దించెను. ఆ అడుగు ఎందుకు అట్లు పడుచున్నదో మాత్రము అడుగలేదు. పాదము క్రింద ఏ జీవియు నలుగరాదని ఆయన ముందు నేలను చూచుకొని, తప్పించి తప్పించి అడుగు వేయుచుండెను. తక్కిన బోయీల అడుగుతో అందుకే కలియలేదు. పిమ్మట ఆయన నోరు విప్పి తత్త్వము చెప్పగా రాజు పల్లకి దిగి పాదములపై పడెను.

ఈ కథ చెప్పి, ఆటిజం గల ప్రతి బిడ్డయు జ్ఞానియే అని మేము అనబోము. జడభరతుడు ఎరిగి మౌనము వహించినవాడు. మన బిడ్డలు కోరి మౌనము తెచ్చుకొన్నవారు కారు. మేము చూపునది రాజు చేసిన పొరపాటును. అడుగు కలియనపుడు కారణమడుగక కోపపడుట ఆ పొరపాటు. పిల్లవాడు చేతులు ఆడించుచున్నాడు, ఏల? లోపలి కలతను శాంతింపజేసికొనుటకై యుండవచ్చును, సంతోషము పట్టలేకయు కావచ్చును. కన్నులలోనికి చూడడు; ఏల? చూచుచు వినుట వానికి కష్టమై, వినుటకొరకే చూపు మరల్చియుండవచ్చును. "ప్రసాదం కావాల్నా?" అని తానే మనలను అడుగును, ఏల? ప్రసాదము పెట్టునపుడెల్ల వాడు విన్న మాట అదియే గనుక, తనకు కావలెనని చెప్పుటకు ఆ మాటనే వాడుకొనుచున్నాడు. ప్రతి అడుగు వెనుకను ఒక కారణమున్నది.

ఒకే మాటను పదే పదే పలుకుట వెర్రి అందురా? ఈ ధర్మపురి వాస్తవ్యుడైన శేషప్ప కవి తన నరసింహ శతకమున ప్రతి పద్యాంతమందును ఒకే మకుటమును నిలిపెను. అది పునరుక్తి అని నేటివరకు ఎవరును తప్పు పట్టలేదు. మనము జపమాల త్రిప్పుదుము, నూట యెనిమిది మారులు ఒకే నామము పలుకుదుము. మనస్సు నిలుచుటకు ఆవృత్తి అవసరమని మనకు తెలియును. ఆ బిడ్డకును తెలియును.

ఇంగ్లాండులో డేమియన్ మిల్టన్ అను విద్వాంసుడు కలడు. తానును ఆటిజం గలవాడే. 2012లో ఆయన ఒక విషయమును వెల్లడించెను. ఆటిజం గలవారు మనలను అర్థము చేసికొనలేరనుట సగము సత్యమే. మనమును వారిని అర్థము చేసికొనలేకున్నాము గనుక లోపము రెండు వైపులను కలదని. రహూగణుని కథలోని నీతి ఇదియే.

ఇక చరిత్రలోని మాట. 1943లో అమెరికా దేశమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను గూర్చి వ్యాసము వ్రాసి, ఈ స్థితిని లోకమునకు తెలియజేసెను. వారిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. 1933లో మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్ట్ అను చిన్న పట్టణమున పుట్టినవాడు. మూడేండ్ల వయస్సున వైద్యుల సలహాపై ఆ బిడ్డను ఒక సంస్థలో విడిచిరి. తల్లిదండ్రులు మనసొప్పక తిరిగి ఇంటికి తెచ్చుకొనిరి. పిదప కొంతకాలము ఒక రైతు దంపతుల ఇంట పెంచిరి.

ఆ దంపతులు చేసినది మన మక్కజొన్న చేలు దున్నువారు శ్రద్ధగా వినదగినది. బాలునికి లెక్కించుట, కొలుచుట అనిన ప్రాణము. ఎప్పుడును మక్కజొన్న సాళ్లు లెక్కించుచుండెడివాడు. ఆ రైతు "ఈ లెక్కలు మాను" అనలేదు. నాగలి చేతికిచ్చి, దున్నుచు లెక్కింపుమనెను. కొలతల పిచ్చిని మాన్పింపలేదు. బావి త్రవ్వించి లోతెంతో చెప్పుమనెను. 1945లో కానర్ స్వయముగా పోయి చూచినపుడు ఆ బాలుడు గుఱ్ఱమును, నాగలిని నేర్పుగా నడిపి ఆరు పొడవైన సాళ్లు దున్నెను. పెద్దవాడై డోనాల్డ్ కళాశాల చదువు ముగించి, తన ఊరి బ్యాంకులో పనిచేసెను. కారు నడపెను, గోల్ఫ్ ఆడెను, ఒంటరిగా దేశదేశములు తిరిగెను. ఊరివారు ఆయనను తమవాడుగా చూచుకొనిరి. 2023లో తన 89వ యేట మరణించెను. ఆయన ఆటిజం పోలేదు. తుదివరకు అట్లే యుండెను. కాని ఆయన స్వభావమునకు ఒక చేను, ఒక బావి, ఒక బ్యాంకు, ఒక ఊరు చోటు చూపినవి.

భక్తులారా! మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే. బిడ్డను మరియొకనిగా మార్చుట ప్రేమ కాదు. బిడ్డ స్వభావమునకు చోటు చూపుట ప్రేమ. తన కుమారుడు తాను కోరినట్లు లేడని, వానిని మార్చుటకు గురువులను పెట్టి, బెదరించి, బాధించిన తండ్రి కథ మన స్వామి అవతార కథయే గదా! చండామార్కులు ఎంత బోధించినను ప్రహ్లాదుడు ప్రహ్లాదుడుగానే యుండెను. ఆ బిడ్డను కాపాడుటకు స్వామి ఏ రూపమున వచ్చెను? నరుడు కాదు, మృగము కాదు. లోపల కాదు, వెలుపల కాదు. పగలు కాదు, రాత్రి కాదు. లోకము గీచిన ఏ గీతలోను ఇమడని రూపమును మనము నిత్యము పూజించుచున్నాము. గీతలలో ఇమడని బిడ్డను చూచి మొగము త్రిప్పుకొనుట మనకు తగునా?

బిడ్డను చూచి తల్లి తన్ను తాను నిందించుకొనును. ఒకప్పుడు వైద్యులే ఆ నిందను పెంచిరి. తల్లి ప్రేమ చాలకపోవుటచే ఇది కలుగునని పాశ్చాత్య దేశములలో చెప్పిరి. ఆటిజం గల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లండ్ 1964లో గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. టీకాల వలన వచ్చునని 1998లో ఒక వ్యాసము వెలువడగా, దానిని ప్రచురించిన వైద్య పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. కావున తల్లులారా! మీరు చేసినదేదియు దీనికి కారణము కాదు. టీకాలు మానకుడు. ఆటిజమును పూర్తిగా మాన్పెదమని వేల రూపాయలు గుంజు మందులను, యంత్రములను, భూతవైద్యమును నమ్మకుడు. స్వామికి మ్రొక్కుకొనుడు, బిడ్డ మారవలెనని కాదు, బిడ్డను అర్థము చేసికొను ఓర్పు మనకు కలుగవలెనని మ్రొక్కుకొనుడు.

1993లో కెనడా దేశపు టొరంటో నగరమున తల్లిదండ్రుల సభలో, జిమ్ సింక్లెయిర్ అను ఆటిజం గల వ్యక్తి మాట్లాడుచు, తమవంటివారి కొరకు శోకింపవలదని కోరెను. మీరు కలలు గన్న బిడ్డ రాలేదని దుఃఖము కలుగుట సహజమే. కాని వచ్చిన బిడ్డ మీ యెదుటనే యున్నాడు, ఆ దుఃఖమును వానిపై మోపవలదు అన్నది ఆ ప్రసంగ సారము. శోకముతో నిండిన కన్ను ఎదుటనున్న బిడ్డను చూడలేదు.

అట్లని కష్టము లేదని మేము చెప్పుట లేదు. రాత్రులు నిద్రపోని బిడ్డతో మేల్కొను తల్లికి, మా తరువాత వీని గతి ఏమని లోలోపల కుములు తండ్రికి వట్టి ధైర్యవచనములు చాలవు. ఆధారము కావలెను. ఆ ఆధారములు కొన్ని ఉన్నవి. సికింద్రాబాదులో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడినది. నేడు దాని పేరు బౌద్ధిక దివ్యాంగజనుల సాధికారత జాతీయ సంస్థ. మన దేశమున ఆటిజమును కొలుచుటకు వాడు నలుబది అంశముల కొలమానము అచటనే రూపొందినది. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజమునకు చోటు లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము సంరక్షకుల నియామకమునకు మార్గము చూపినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువది యొక్క వైకల్యములలో ఆటిజమును చేర్చినది. జాతీయ ట్రస్టు వారి నిరామయ పథకము ద్వారా లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభించును. మండలములలో భవిత కేంద్రములు కలవు. ఏడాది దాటిన బిడ్డ పేరు పిలిచినను తిరిగి చూడనిచో, ఏడాదిన్నర వచ్చినను కావలసినదానిని వేలితో చూపనిచో, "నిదానముగా వచ్చునులే" అని కూర్చుండక మొదట వినికిడిని పరీక్ష చేయించి, జిల్లా ఆసుపత్రిలో చూపింపుడు. మాట నేర్పువారి సహాయము, బొమ్మల ద్వారా భావము తెలుపుట నేర్పుట ఎంత త్వరగా మొదలైన అంత మేలు. ఇది బిడ్డను మార్చుటకు కాదు; బిడ్డ తన మనస్సును తెలుపుకొనుటకు దారి వేయుటకు.

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అను ఆటిజం గల స్త్రీ పశువుల ప్రవర్తనను గ్రహించి, వాటిని భయపెట్టక నడిపించు కట్టడములను రూపొందించి, విశ్వవిద్యాలయ ఆచార్యురాలైనది. సంతోషమే. కాని ప్రతి బిడ్డయు అట్లు కావలెనని ఎదురుచూడరాదు. ఏ విద్యయు రాని బిడ్డకును అంతే గౌరవము కలదు. స్వామి సన్నిధిలో నిలుచుటకు అర్హత పత్రము అక్కరలేదు.

ఇప్పుడు ఆటిజం గల సోదరీసోదరులకు ఒక మాట. మీలో కొందరికి పెద్దవారైన పిదప ఈ సంగతి తెలిసియుండును. ఆడపిల్లలలో పలువురికి చాల ఆలస్యముగా తెలియును. ఇన్నాళ్లును మొండివాడననియో, గర్విష్ఠిననియో మాటలు పడి, నలుగురివలె నటించి నటించి అలసియుందురు. మీరు విరిగిన కుండలు కారు. మీ స్వభావమునకు ఒక పేరున్నది, మీవంటివారు లోకమున ఎందరో ఉన్నారు. చెప్పిన మాట తప్పకుండుట, ఒక పనిని తుదిముట్ట చేయుట, సూక్ష్మమును గమనించుట మీలో పలువురికున్న గుణములు. విశ్రాంతి అవసరమైనపుడు నాకు విశ్రాంతి కావలెనని చెప్పుటకు సిగ్గుపడకుడు. సహాయమడుగుట న్యూనత కాదు. మాట రాని మీరును వినుచున్నారని మేము ఎరుగుదుము. మీ యెదుటనే, మీరు లేనట్లు మిమ్ము గూర్చి మాట్లాడుట మర్యాద కాదని అందరికిని చెప్పుచున్నాము.

తుదకు, మనము చేయవలసిన సేవ యేమి? చాల చిన్నది. పిల్లవాడు గుడిలో కేక వేసినచో చూపు మరల్చుకొని, తల్లికి దారి ఇండు. వరుసలో నిలువలేనివానిని ముందుకు పోనిండు. శఠగోపము తలపై పెట్టుట ఓర్వనిచో అర్చకులు దూరమునుండియే ఆశీర్వదింపవచ్చును; తీర్థము నోట పోయవలెనని పట్టు వలదు. డోలు సన్నాయిల మ్రోత తగ్గి, జనము పలుచగానుండు వేళను ఆ కుటుంబములకు ముందుగా తెలియజేయుడు. ప్రాకారమున ఒక మూల చల్లగా కూర్చుండ చోటిండు. ఫాల్గుణ మాసమున కోనేటిలో తెప్పోత్సవము జరుగునపుడు, గోదావరి రేవులలో స్నానములు జరుగునపుడు మరింత మెలకువ వలయును. ఇట్టి బిడ్డలలో చాలమందికి నీరనిన మిక్కిలి ప్రీతి, అపాయము తెలియదు. చేయి వదిలిన క్షణములో నీటివైపు పరుగెత్తుదురు. పిలిచినను పలుకరు. 2015 పుష్కరములకు ఈ రేవులు ఎట్లు క్రిక్కిరిసినవో చూచితిరి. 2027 పుష్కరములకును జనసంద్రమే రాగలదు. తల్లిదండ్రులారా! బిడ్డ చేతికి పేరు, ఫోను సంఖ్య గల పట్టీ కట్టుడు. భక్తులారా! రేవున ఒంటరిగా తిరుగు బిడ్డ కనబడినచో "ఎవరి పిల్లవాడో" అని దాటిపోవలదు. వానిని భయపెట్టక నీటికి దూరముగా నిలిపి, వెంటనే సేవకులకు తెలుపుడు. ఆ ఒక్క నిమిషము ఒక ప్రాణమును కాపాడును.

ఈ క్షేత్రమునకు వచ్చినవారికి యమపురి బాధ లేదని పెద్దలు చెప్పుదురు. అది పరలోకపు మాట. బిడ్డ చేయి పట్టుకొని భయపడుచు గడప దాటు ఒక తల్లికి ఈ లోకపు బాధ కొంత తగ్గించుట మన చేతిలోనున్నది. "రా అమ్మా, కూర్చో" అను మాట చాలు. శ్రీ లక్ష్మీనృసింహస్వామి మనకందరకును ఆ మాట పలుకు నాలుకను, ఆ చోటు చూపు హృదయమును అనుగ్రహించుగాక.

శుభం భూయాత్. స్వస్తి.